సాలమ్మ ఆకువక్క పెట్టి చెప్పిన మాట

మా అవ్వ సాలమ్మ గురించి చెప్పాలంటే ముందు ఆమె గొంతు గురించి చెప్పాలి. మిగిలిన మనిషి దాని వెనకాల నిదానంగా వస్తుంది. మా అలియాబాద్‌లో అవ్వ ఇంట్లో ఎవరితోనైనా తగువు పడితే, కరీంనగర్ రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డవాళ్ళకు తగువు మొత్తం తెలిసిపోతుంది. అయితే ఒక పక్షమే. రెండో పక్షం ఎప్పుడూ వినపడదు.

ఆ రెండో పక్షం చాలాసార్లు మా తాత గండయ్య. షామీర్‌పేట చెరువులో వల వేసి బతికిన మనిషి. చేపలు భయపడి పోకుండా నోరు మూసుకోవడం నేర్చుకున్నానని ఆయన చెబుతాడు. చేపల వల్ల కాదని, పెళ్ళి వల్ల వచ్చిన అలవాటని నా అనుమానం.

అవ్వ వయసెంతో ఎవరికీ తెలియదు. అడిగితే "చెరువు అలుగు వోసిన యేడు పుట్టిన" అంటుంది. అలుగు చాలాసార్లు పోసింది కాబట్టి ఆమె వయసు అవసరాన్ని బట్టి జరుగుతూ ఉంటుంది. బస్సులో సీటు కావాలంటే ముసలిది. ఎవరైనా ముసలమ్మా అని పిలిస్తే, పిలిచినవాళ్ళ అమ్మకంటే చిన్నది.

ఇప్పుడామె చెరువు కట్ట దగ్గర రోడ్డు పక్కన కూర్చుని చేపలు అమ్ముతుంది. అంతకుముందు ఎన్నో ఏళ్ళు కొంపల్లి పోయి అమ్మింది. "ఎందుకు మానేసింది, కాళ్ళు నొప్పులా?" అని ఇప్పటికీ అడిగేవాళ్ళున్నారు. ఆమె కాళ్ళకు ఏమీ కాలేదు. జరిగింది వేరు.

*

కొంపల్లి ఒకప్పుడు ద్రాక్షతోటలు. అవ్వ వయసులో ఉన్నప్పుడు ఆ తోటల్లో గుత్తులు కోసే కూలికి పోయింది. తరువాత తోటలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లు ఇళ్ళయ్యాయి, ఇళ్ళ చుట్టూ గోడ లేచింది, గోడకు గేటు పెట్టారు. అవ్వ గుత్తులు కోసిన చోటికే గంప ఎత్తుకుని పోయేది. కొత్త వాచ్‌మన్ ఎవరైనా ఆపితే "గేటు కంటె నేను సీనియర్ బిడ్డా" అని లోపలికి నడిచేది.

అలియాబాద్ నుంచి మేడ్చల్ దాకా సెవెన్ సీటర్ ఆటో, అక్కణ్ణుంచి సికింద్రాబాద్ పోయే బస్సు. చేపల గంపతో బస్సు ఎక్కడం ఒక విద్య. అవ్వ గంపను తడి గోనెసంచిలో చుట్టి, పైన తోటకూర కట్టలు పరిచేది. కండక్టర్ ముక్కు ఎగబీలిస్తే "ఆకుకూర సారూ" అనేది. ఆకుకూర తోకలు ఆడించడం ఆయన చూస్తూనే ఉండేవాడు. ఆమె నోటికి జడిసి టికెట్టు చింపేవాడు.

కాలనీలో ఎక్కువమంది ఆంధ్రా నుంచి వచ్చిన ఉద్యోగస్తులు. చేప విలువ తెలిసినవాళ్ళు, కాబట్టి బేరం కష్టం. మొదటి రోజు అమ్మడుగారు, గోపాలరావు సారు భార్య, భీమవరం వైపు మనిషి, మూత తీసి చూసి అందట. "చెరువు చేప మట్టి వాసన వస్తుంది సాలమ్మా. మా గోదారి చేపలు ఇలా ఉండవు."

"గోదారి ఈడిదాక రాదు గదమ్మా. నేనైతే వస్త."

అమ్మడుగారు ఆ రోజు కొర్రమీను కొంది. ఆ తరువాత ప్రతి ఆదివారం కొంది. ఆవిడ కూతురు సాయిప్రియ అప్పుడు రెండు జడల పిల్ల. వాళ్ళ నీళ్ళ తొట్టిలో వేస్తే ఈదుతున్న కొర్రమీనును చూసి దానికి చిన్ను అని పేరు పెట్టి, కోయనివ్వకుండా ఏడ్చింది. అవ్వ ఆ చేపను పక్కన పెట్టి "దీన్ని చెరువుల ఇడిసిపెడ్త బిడ్డా, నువ్వు ఏడ్వకు" అని మాటిచ్చి ఇంటికి తెచ్చింది. చిన్ను పులుసు బాగుందని తాత ఇప్పటికీ అంటాడు. పై ఆదివారం సాయిప్రియ అడిగితే, చిన్నుకు పెళ్ళయిందని చెప్పింది అవ్వ.

ఆ పిల్లంటే అవ్వకు ప్రాణం. తలకాయ ముక్కలు వాళ్ళ ఇంటికి వేరే తీసి పెట్టేది. నేను పదో తరగతి లెక్కల్లో తప్పినప్పుడు "సాయిప్రియను జూసి నేర్సుకో యమునా" అంది. సాయిప్రియకు పులుసు పెట్టడం కూడా రాదని నేనన్నాను. "నీకు రెండు రావు" అంది.

*

ఇక్కడ మా చేపల సంఘంలో ఉన్న ఒక పద్ధతి చెప్పాలి. అది తెలియకపోతే అవ్వ చేసిన పని పిచ్చిగా కనిపిస్తుంది.

మాలో ఒకరికి ఇంకొకరి వల్ల అవమానం జరిగితే, పెద్దమనిషి ఒకరి దగ్గరికి పోయి ఆకువక్క పెడతారు. ఆయన తీసుకుని నోట్లో వేసుకుంటే తగువు తీసుకున్నట్టు. ఇక చెప్పేవాళ్ళు పేరు పెట్టి చెప్పాలి. ఎవరు, ఎక్కడ, ఎవరు చూస్తుండగా. పేరు లేకుండా చెబితే అది చాడీ, ఎవరూ వినరు. విన్న పెద్దమనిషి, ఎదుటివాడిని పిలిచి ముఖాముఖి కూర్చోబెట్టేదాకా ఆ మాట బయటికి పోనివ్వకూడదు. యాదవ్వ కోడలు వల కోసిందన్న తగువులో మా తాత ఆకువక్క తీసుకుని నాలుగు వారాలు కడుపులో పెట్టుకున్నాడు. అవ్వ అన్నం పెట్టకుండా అడిగినా చెప్పలేదు. ఆయన్ని ఆమె గౌరవించింది ఆ నాలుగు వారాలే.

*

రెండు వేల తొమ్మిదిలో ఆస్ట్రేలియాలో మన పిల్లల్ని రోడ్ల మీద, రైళ్ళలో కొడుతున్నారని టీవీలో రోజూ చూపించేవాళ్ళు. మృగశిర పోయాక ఒక ఆదివారం సాయిప్రియ గేటు దాకా ఎదురొచ్చింది. అప్పటికి ఇంజనీరింగ్ అయిపోయి, కొంపల్లిలోనే ఒక చిన్న కంపెనీలో వెబ్‌సైట్లు తయారుచేసే పనిలో ఉంది. నేను జీడిమెట్లలో మందుబిళ్ళల ప్యాకింగు పనిలో ఉన్నాను. ఆదివారం నాకు సెలవు. అవ్వ దృష్టిలో అది నాకు సెలవు కాదు కాబట్టి నేను ఆమె పక్కన ఉన్నాను.

"అవ్వా, ఒక గంట మా ఇంట్లో కూర్చుంటావా? నీతో ఒక పనుంది," అంది సాయిప్రియ.

మేడ మీద గదిలో కెమెరా, ల్యాప్‌టాప్, రెండు కుర్చీలు. అవ్వ కుర్చీలో కూర్చోదు, చీర తడిగా ఉందని. సాయిప్రియ కూడా కిందే కూర్చుంది. అది నాకు నచ్చింది. అబద్ధం చెప్పను.

ఆమె చెప్పిన సంగతి ఇది. పరాయి దేశాల్లో మన ఆసియా వాళ్ళను రంగు చూసి, బట్టలు చూసి, తిండి వాసన చూసి తిడుతున్నారు, కొడుతున్నారు. అక్కడి సంఘం ఒకటి ఈమె కంపెనీతో వెబ్‌సైట్ పెట్టిస్తోంది, ఇలాంటివి జరిగితే అందులో చెప్పుకోవడానికి. చదువు రాని పెద్దవాళ్ళు కూడా చెప్పుకోగలగాలి. అందుకని తెర మీద మైకు బొమ్మ పెట్టారు. అది నొక్కి మాట్లాడితే చాలు. పెద్దవాళ్ళు దాన్ని ఎలా వాడతారో, ఎక్కడ తడబడతారో ముందే చూసుకుంటే దానికి తగ్గట్టు మార్చుకోవచ్చు.

అవ్వ మైకు బొమ్మను చూసింది. "దీన్ల జెప్తె ఎవలింటరు?"

"వినేవాళ్ళుంటారు అవ్వా."

"ఆల్ల పేర్లేంది?"

సాయిప్రియ నవ్వింది. "పేర్లు ఇంకా తెలీదు."

"ఇనెటోడు ఎవలో ఎర్క లేకుంట ఎట్ల జెప్తరు? గోడకు జెప్పినట్టు?"

సాయిప్రియ ఆ మాట రాసుకుంది. చాలా మంచి మాట అంది. "సరే, ఇప్పటికి వినేది నేనే అనుకో," అంది.

అవ్వ సంచిలోంచి తిత్తి తీసింది. ఆకు తుడిచి, సున్నం రాసి, వక్క పెట్టి మడిచి సాయిప్రియకు ఇచ్చింది. సాయిప్రియ ముచ్చటపడి నోట్లో వేసుకుంది. నాలుక ఎర్రగా పండిందా అని నాకు చూపించింది. పండిందక్కా అన్నాను. నేను నవ్వుతున్నాను. అవ్వ నవ్వడం లేదు.

"ఇప్పుడు ఊహించుకో అవ్వా. నువ్వు పరాయి దేశంలో ఉన్నావు. యమునను చూడటానికి వెళ్ళావు."

అవ్వ నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఇది పది పాస్ గాలే. దీన్ని గా దేశపోళ్ళు ఎందుకు రానిస్తరు?"

"రానిచ్చారనుకో. నువ్వు రైల్లో కూర్చున్నావు. ఎవడో నిన్ను చూసి ముక్కు మూసుకుని, మీ దేశం పో అన్నాడు. ఆ మైకు బొమ్మ నొక్కి దాన్నెలా చెబుతావు?"

"ఊహించుడెందుకు? ఉన్నదే జెప్త," అని అవ్వ బొమ్మ నొక్కింది.

"పోయిన కార్తీకంల. గీ కాలనీల, పార్కు గోడ పక్కన గంప దించి కూసున్న. ఎదురుంగ యజ్ఞనారాయణ సారు ఇల్లు. ఇంట్ల పూజ ఉండెనంట. నాకెర్క లేదు. ఎర్కుంటె గా దిక్కు వోకపోదు. సారు బయటికొచ్చిండు. లేవుమనలే. లేవుమంటె లేస్తుంటి. నాతోని మాట్లాడనే లేదు బిడ్డా. ఎంకయ్యను పిలిచి, గీ జాగ కడుగు అన్నడు. నేను గాడ కూసోనే ఉన్న. వాచ్‌మన్ ఎంకయ్య నా మొకం జూసిండు, సారు మొకం జూసిండు. కడుగుమంటె ఇనవడ్తలేదా అన్నడు సారు. ఇగ బకీటెడు ఫినాయిల్ నీళ్ళు. నా ఒళ్ళె వడ్డయ్. గంపల వడ్డయ్. ఆడోళ్ళు నలుగురు నిలవడి జూసిండ్రు. ఎవ్వలు ఏమనలే. చేపలన్ని మురికినాలెల పారవోసిన. బస్సుల ఎవ్వలు నా పక్కన కూసోలే, ఫినాయిల్ వాసనకు. చేపల వాసనకు ఎన్నడు గట్ల జరగలే."

నేను ఆ సంగతి వినడం అదే. కార్తీకంలో ఒకరోజు ఆమె చీర ఫినాయిల్ కంపు కొడుతూ వచ్చింది. ఎవరింటి ముందరో జారిపడ్డానని చెప్పింది. గుడ్డిదానివైపోతున్నావని నేను వారం రోజులు ఏడిపించాను.

సాయిప్రియ రాయడం ఆపేసింది. కళ్ళు తుడుచుకుంది. "తాతకు ఎందుకు చెప్పలేదు అవ్వా?"

"జెప్తె సంఘమంత గేటుకాడికొస్తది. లొల్లయితది. ఇగ నన్ను లోపటికి రానియ్యరు. నా చేతి చేప దిన్న ఇండ్లు గివి. వీటిని ఇడిసిపెట్టి ఏడికి వోను?"

"మరి నీకేం కావాలి?"

"నలుగురు జూస్తుండంగ జరిగింది. నలుగురి ముంగట సారు తప్పయింది అనాలె. గంతే. తల ఎత్తుకొని గేట్లకెల్లి రావాలె నేను."

సాయిప్రియ అవ్వ రెండు చేతులూ పట్టుకుంది. పొలుసు అంటుకున్న చేతులు. "మా నాన్నే కదా ప్రెసిడెంటు. ఆయనతో మాట్లాడతాను. యజ్ఞనారాయణ అంకుల్‌ని నీ ఎదురుగా కూర్చోబెడతాను. అప్పటిదాకా ఈ మాట నా దగ్గరే ఉంటుంది. సరేనా?"

మా పద్ధతి ఆ పిల్లకు తెలియదని ఎవరైనా అనొచ్చు. కానీ పెద్దమనిషి చెప్పవలసిన మాటలన్నీ ఆమె తనంతట తానే చెప్పింది. ఒక్క మాట తగ్గలేదు.

*

జూలై అంతా అవ్వ మంచి హుషారుగా ఉంది. తోటకూర ఎక్కువ కొనేది, కండక్టర్‌కు ఒక కట్ట ఊరికే ఇచ్చేది. ఆదివారం ఆదివారం సాయిప్రియను గేటు దగ్గర నెమ్మదిగా, అంటే సగం కాలనీకే వినపడేంత నెమ్మదిగా అడిగేది.

"ఎప్పుడు కూసోబెడ్తవ్ బిడ్డా?"

"అవుతోంది అవ్వా. నాన్న కొంచెం బిజీ."

మరో వారం అడిగితే "ఆఫీసులో నీ టేపు అందరికీ నచ్చింది అవ్వా" అంది. టేపు అందరూ ఎలా చూశారని అడిగాను, దారిలో. అవ్వ నన్ను కసురుకుంది. "పెద్దమనిషి ఇంకిద్దరు పెద్దమనుషులను అర్సుకోడా? పది ఫెయిలయినోళ్ళకు గిదంత తెల్వది."

ఆగస్టు మొదట్లో సాయిప్రియే చెప్పింది. "పదిహేనో తారీఖు జెండా పండగకు హాల్లో మీటింగుంది. నువ్వు తప్పకుండా రావాలి. తాతను కూడా తీసుకురా. నీకు ముందు వరసలో కుర్చీ."

"సారొస్తడా?"

"అందరూ వస్తారు."

అవ్వకు ఇంకేం కావాలి? ముఖాముఖి, నలుగురి ముందు. సాయిప్రియ తన మాట నిలబెట్టుకుందని దారి పొడుగునా చెప్పింది. బస్సు మొత్తానికి చెప్పింది, తగువు ఏమిటో చెప్పకుండా.

ఆ రోజు ఆమె పెళ్ళిళ్ళకు కట్టే చిలకాకుపచ్చ చీర కట్టింది. నిమ్మకాయ ముక్కలతో చేతులు రుద్దుకుంది. తాతకు ఏదో పండగ అని మాత్రమే చెప్పి, ఉతికిన ధోవతి కట్టించింది. హాల్లో కుర్చీలో కూర్చుంది. మామూలుగా కుర్చీలో కూర్చోని మనిషి, నిటారుగా, వీపు ఆనించకుండా. పక్క వరసలోనే యజ్ఞనారాయణ సారు, తెల్ల లాల్చీలో. ఆమె ఆయన్ని చూసి తల ఊపింది, తగువులో ఎదుటివాడికి ఇచ్చే మర్యాదగా. ఆయన కూడా ఊపాడు, ఎవరో గుర్తుపట్టకుండానే అనుకుంటాను.

జెండా, పాటలు అయ్యాయి. గోపాలరావు సారు మైకులో, మన కాలనీ అమ్మాయి పరాయి దేశాలు మెచ్చుకునే పని చేసిందని చెప్పి కూతుర్ని పిలిచాడు. దీపాలు ఆర్పారు. గోడ మీద పెద్ద తెర. తెర మీద అవ్వ.

తాత కుర్చీలోంచి సగం లేచాడు. "గిది మన సాలి," అన్నాడు నాతో, నేను పోల్చుకోనట్టు.

తెర మీది అవ్వ మైకు బొమ్మ నొక్కింది. "పోయిన కార్తీకంల," అంది. తరువాత ఆమె నోరు కదిలింది. మాట లేదు. మళ్ళీ "గంప దించి కూసున్న" అని వినపడింది. మళ్ళీ నోరు కదిలింది, మాట లేదు. కాలనీ అన్నచోట లేదు. పార్కు గోడ అన్నచోట లేదు. యజ్ఞనారాయణ అన్నచోట లేదు. ఎంకయ్య అన్నచోట లేదు. ఆమె గొంతు ఎక్కడైనా ఆగడం నేను పుట్టి ఎరగను. అంత పెద్ద తెర మీద, అంత పెద్ద నోరు తెరుచుకుని, మూగదానిలా ఉంది.

చేపల వాసన మాట దగ్గర హాలంతా నవ్వింది. తాత కూడా నవ్వాడు.

దీపాలు వెలిగాయి. సాయిప్రియ మైకు పట్టుకుంది. "పరాయి దేశంలో ఒక పెద్దావిడకు అవమానం జరిగితే ఎలా చెప్పుకుంటుందో, అవ్వ ఊహించి చెప్పిన సంఘటన ఇది," అంది. "చదువు లేకపోయినా ఎంత సహజంగా చెప్పిందో చూశారు కదా."

చప్పట్లు కొట్టారు. ఆ నలుగురు ఆడవాళ్ళు ఎవరో నాకు తెలియదు, కానీ కొట్టినవాళ్ళలో వాళ్ళూ ఉండే ఉంటారు. శాలువా కప్పడానికి సెక్రటరీని రమ్మన్నారు. సెక్రటరీ ఎవరో కాదు, యజ్ఞనారాయణ సారే. ఆయన అవ్వ భుజాల మీద శాలువా కప్పి "భలే నటించావమ్మా" అన్నాడు. ఆయనకు గుర్తొచ్చిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. గుర్తొచ్చి అలా అన్నా, గుర్తు రాక అన్నా, ఏది తక్కువ తప్పో నేను తేల్చుకోలేకపోయాను.

అవ్వ ఆయన వైపు చూడలేదు. సాయిప్రియ వైపు చూసింది. సాయిప్రియ మైకు తీగను సర్దుతోంది.

"బిడ్డా," అంది అవ్వ. మైకు లేకుండానే హాలంతా వినపడింది. "నేను ఉత్తగ జెప్పిన్నా?"

సాయిప్రియ దగ్గరికొచ్చి నెమ్మదిగా అంది. "తరవాత మాట్లాడుకుందాం అవ్వా."

"నలుగురి ముంగట అడుగుతున్న. ఉత్తగ జెప్పిన్నా?"

గోపాలరావు సారు కూతురి వెనక నిలబడ్డాడు. సాయిప్రియ తండ్రిని చూసింది. "అది టెస్టింగ్ కోసం చెప్పిందే కదా అవ్వా," అంది.

అవ్వ శాలువా తీసి, మడత పెట్టి, కుర్చీలో పెట్టింది. నడిచింది. తలుపు దగ్గర ఎంకయ్య ఉన్నాడు. దారి ఇచ్చి నేలను చూశాడు.

గేటు దాటాక సాయిప్రియ పరుగెత్తుకుంటూ వచ్చింది. "నాన్న ఒప్పుకోలేదు అవ్వా. గొడవవుతుందన్నారు. టేపు చాలా బాగా వచ్చింది, నాకు వదులుకోబుద్ధి కాలేదు. పేర్లు తీసేస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదనుకున్నాను."

"ఎవరికి?" అన్నాను నేను. అవ్వ నా చెయ్యి పట్టి లాగింది. ఆ పిల్లతో మాట్లాడటం కూడా అవసరం లేదన్నట్టు.

ఆటోలో తాత ఇంకా సంతోషంగానే ఉన్నాడు. "గంత మంచిగ ఎట్ల జేసినవే ఆక్టింగు?" అన్నాడు.

అప్పుడు చెప్పింది. ఆటోలో ఉన్న మిగిలినవాళ్ళకు వినపడకుండా చెప్పింది. ఆ గొంతుతో అంత నెమ్మదిగా మాట్లాడవచ్చని నాకు తెలియదు. "నన్ను గూడ నవ్విచ్చిండ్రు," అన్నాడు తాత. తరువాత, "రేపు సంఘాన్ని దీస్కొని వోత," అన్నాడు.

"నువ్వు వోతె సంఘం మాట అయితది," అంది అవ్వ. "నా నోరు కోసిండ్రు. నా నోటితోనె జెప్పాలె."

*

మర్నాడు ఆదివారం. ఆమె పోదనుకుని నేను పడుకున్నాను. కాలితో తన్ని లేపింది.

ఆ రోజు అవ్వ గేటు లోపలికి పోలేదు. గేటుకు ఎదురుగా, రోడ్డు మీద, పంచాయతీ జాగాలో గంప దించింది. ఎంకయ్య వచ్చి "లోపటికి రా సాలవ్వా, ఎవ్వలేమనరు" అన్నాడు.

"రాను. నువ్వు గాడ్నే నిలవడి ఇను. తప్పు జెప్తె దిద్దు."

మొదట బైకు మీద ఒక సారు వచ్చాడు. కొర్రమీను ఎంత అని అడిగాడు.

"ముందు ఇది ఇను, ఎనక చేప," అని అవ్వ మొదలుపెట్టింది. పోయిన కార్తీకంల, గీ కాలనీల, పార్కు గోడ పక్కన, యజ్ఞనారాయణ సారు ఇంటి ముంగట. పేరు వచ్చినచోట గొంతు ఇంకొంచెం పెంచింది. పెంచడానికి చోటుందని నాకు అప్పుడే తెలిసింది. ఆ సారు హెల్మెట్ తీసి విన్నాడు. ఎంకయ్య వైపు చూశాడు. ఎంకయ్య దిద్దలేదు.

ఆ తరువాత అదే పని. చెప్పకుండా ఒక్క చేప తూచలేదు. కొందరు సగంలో వెళ్ళిపోయారు. కొందరు విని, చేప కొనకుండా వెళ్ళారు. ఒకామె "మేం అప్పుడు ఊళ్ళో లేమమ్మా" అంది, అడగకుండానే. అమ్మడుగారు వచ్చింది. పూర్తిగా వినలేదు. "ఇప్పుడివన్నీ ఎందుకు సాలమ్మా? శాలువా కూడా కప్పారు కదా," అంది.

"శాలువ మీ కుర్చీలనే ఉన్నదమ్మా. సలికాలం గప్పుకోండ్రి."

యజ్ఞనారాయణ సారు రాలేదు. ఆయన కారు మాత్రం రెండుసార్లు వెళ్ళింది, అద్దాలు ఎత్తుకుని. సగం గంప మిగిలిపోయింది. ఇంటికి పోయాక అవ్వ అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉంది, తినలేదు. నేను ఏదో ఎగతాళి చెయ్యబోయి మానేశాను. "ఆ పోరి కండ్లల్ల నీళ్ళు నిజమే గదనే," అంది. "నేను జూసిన గద." నిజమే, నేనూ చూశాను.

ఆమె ప్రతి ఆదివారం అలాగే పోయింది, కాలనీలో వినని ఇల్లు లేదనిపించేదాకా. అమ్మకం పడిపోయింది. తాత ఒక్కసారి కూడా వద్దనలేదు. సంఘం వాళ్ళకు వేరే ఏదో చెప్పి ఆపి ఉంచాడు.

చివరి ఆదివారాల్లో ఒకనాడు సాయిప్రియ వచ్చింది. సంచి పట్టుకుని, వరసలో నిలబడింది. ముందరివాళ్ళు కదిలాక అవ్వ ఎదుటికి వచ్చింది. అవ్వ తల ఎత్తి, ముందు నిలబడినవాళ్ళను చూసినట్టే చూసింది.

"ఏం గావాలె?"

"అవ్వా, నేను..."

"ముందు ఇది ఇను."

మొత్తం చెప్పింది. కార్తీకం నుంచి మొదలుపెట్టి, ఒక్క మాట వదలకుండా, ఆ పిల్లకు మొదటిసారి చెబుతున్నట్టు చెప్పింది. సాయిప్రియ సంచి పట్టుకుని విన్నది. ఫినాయిల్ అయ్యాక, బస్సు అయ్యాక, అవ్వ ఆగలేదు.

"గప్పుడు ఒక పిల్ల ఉండె. రెండు జడల సంది నా చేపలు దిన్న పిల్ల. ఆకువక్క దీసుకున్నది. నా చేతులు వట్టుకొని, ఆయన్ను నీ ముంగట కూసోబెడ్త అన్నది. కూసోబెట్టింది. నా నోరు కోసి కూసోబెట్టింది. పేరు సాయిప్రియ. గోపాలరావు సారు బిడ్డ. ఎర్కనా మీకు?"

"తెలుసు," అంది సాయిప్రియ.

"ఎసొంటి పిల్ల?"

సాయిప్రియ వెనకాల ఇద్దరు ముగ్గురు నిలబడి ఉన్నారు. ఎంకయ్య గేటు పట్టుకుని ఇటే చూస్తున్నాడు.

"జల్దీ జెప్పమ్మా," అంది అవ్వ, తక్కెడ చేతిలో పట్టుకుని. "ఎనకాలోళ్ళు నిలవడ్డరు."